15 వారాల ల్యాబ్, 15 ఏళ్ల మందు: విద్యార్థులతో యాంటీబయాటిక్ వేట నడిపించడం అంటే ఏమిటి?

అమెరికాలోని చాలా కాలేజీల్లో ఇప్పుడు మొదటి ఏడాది బయాలజీ ల్యాబ్ మట్టితో మొదలవుతోంది. విద్యార్థులు తమకు తోచిన చోట చెంచాడు మట్టి తీసి, ఎక్కడ తీశారో రాసుకుని తెస్తారు. దాన్ని నీళ్లలో కలిపి, బాగా పలచన చేసి, అగర్ అనే పోషక జెల్లీ ఉన్న పళ్లెం మీద పరుస్తారు. కొన్ని రోజుల్లో దాని మీద రంగురంగుల కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపులు లేస్తాయి. వాటిలో ఏదైనా పక్కనున్న బ్యాక్టీరియాను పెరగనివ్వకుండా ఆపుతోందా అని వెతకడమే సెమిస్టర్ అంతా పని. జవాబు పుస్తకం చివర ఉండదు. పాఠం చెప్పేవాళ్లకూ తెలియదు.

ఈ పద్ధతిని జో హ్యాండెల్స్‌మన్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త 2012లో యేల్ యూనివర్సిటీలో 'స్మాల్ వరల్డ్ ఇనీషియేటివ్' పేరుతో మొదలుపెట్టారు. తర్వాత అది స్వతంత్రంగా నడిచే, లాభాపేక్ష లేని సంస్థ అయింది. హ్యాండెల్స్‌మన్ 2018లో విస్కాన్సిన్-మాడిసన్ యూనివర్సిటీ నుంచి 'టైనీ ఎర్త్' అనే మరో నెట్‌వర్క్ ప్రారంభించారు. ఇప్పుడు ఇరవైకి పైగా దేశాల్లో విద్యార్థులు ఈ కోర్సు చేస్తున్నారు.

ఇలాంటి సంస్థను నడిపించడం బయటి నుంచి సులువుగానే కనిపిస్తుంది. పిల్లలకు సైన్స్ మీద ఇష్టం కలుగుతుంది, పనిలో పనిగా కొత్త మందు కూడా దొరకొచ్చు. ఇంతకంటే మంచి పని ఏముంటుంది? చిక్కంతా కాలంతోనే. అమెరికాలో సెమిస్టర్ సుమారు 15 వారాలు. మట్టిలో దొరికిన పదార్థం మందుగా మారి రోగికి చేరడానికి మామూలుగా 10 నుంచి 15 ఏళ్లు పడుతుంది. విద్యార్థి తన మార్కులు తీసుకుని వెళ్లిపోయేసరికి మందు తయారీ పని ఇంకా మొదలే కాదు. ఈ మధ్యలో ఉన్న ఖాళీని ఎవరు పూడుస్తారు? సంస్థను నడిపేవాళ్ల అసలు పని అదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఉపన్యాసాలు, విరాళాల సభలు, ఫొటోలు అన్నీ దాని తర్వాతే.

మళ్లీ మట్టి దగ్గరికే ఎందుకు

మనం వాడే యాంటీబయాటిక్స్‌లో చాలా భాగం మట్టిలోని బ్యాక్టీరియా ఇచ్చినవే. అందులోనూ స్ట్రెప్టోమైసిస్ అనే జాతి వాటా ఎక్కువ. క్షయకు మొదటి సరైన మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో, సెల్మన్ వాక్స్‌మన్ ల్యాబ్‌లో బయటపడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ యూనివర్సిటీ వాళ్ల శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే ప్రయోగ పొలం మట్టి నుంచి తీశారు. డగ్గర్ పనిచేసిన లెడర్లీ కంపెనీలో అప్పుడు పరిశోధనకు డైరెక్టర్ మన యల్లాప్రగడ సుబ్బారావు. వాంకోమైసిన్ బోర్నియో మట్టి నుంచి వచ్చింది, దాన్ని పంపింది అక్కడున్న ఒక మిషనరీ. ఎరిత్రోమైసిన్ ఫిలిప్పీన్స్ మట్టి నుంచి, డాప్టోమైసిన్ టర్కీలోని అరారత్ పర్వతం మట్టి నుంచి వచ్చాయి.

ఈ చరిత్రను కాస్త ఆగి చూడాలి. ఆ రోజుల్లో కూడా కంపెనీలు తెలిసినవాళ్లందరినీ మట్టి పంపమని అడిగేవి. ఏ మట్టిలో ఏముందో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి ఎన్ని ఎక్కువ చోట్ల నుంచి వస్తే అంత మంచిది. విద్యార్థుల చేత మట్టి తెప్పించడం వెనక ఉన్న తర్కం అదే. పాత తర్కమే, మనుషులు మారారు.

మరి కంపెనీలు ఎందుకు మానేశాయి? తవ్విన చోటే తవ్వినట్టు అయింది. స్ట్రెప్టోమైసిన్ తయారుచేసే రకాలు మట్టిలోని యాక్టినోమైసీట్లలో (స్ట్రెప్టోమైసిస్ ఉండే బ్యాక్టీరియా వర్గం) దాదాపు నూటికి ఒకటి కనిపిస్తాయని అంచనా. డాప్టోమైసిన్ తయారుచేసేది కోటికి ఒకటి స్థాయి. అంటే ఎంత వెతికినా ముందుగా చేతికి దొరికేది తెలిసినదే. 1960ల తర్వాత ఈ మళ్లీ మళ్లీ దొరకడం వల్ల ఖర్చు గిట్టుబాటు కాలేదు. పైగా మట్టిలోని బ్యాక్టీరియాలో సుమారు ఒక శాతమే మామూలు ల్యాబ్ పళ్లెం మీద పెరుగుతుంది. మిగతా తొంభై తొమ్మిది శాతం గురించి మనకు తెలిసింది చాలా తక్కువ.

ఇటువైపు రోగం ఆగలేదు. లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారు. ఆ నిరోధకత ఏదో ఒక రకంగా కారణమైన మరణాలు కలిపితే 49.5 లక్షలు.

కాబట్టి మట్టి వేటలో ఆశ ఉంది, కానీ విద్యార్థికి దొరికేది చాలాసార్లు పాత మందే అవుతుంది. ఈ రెండో సగాన్ని దాచకుండా చెప్పడం సంస్థ నాయకత్వానికి తొలి పరీక్ష. విరాళం ఇచ్చేవాళ్లకు 'మా పిల్లలు రేపటి పెన్సిలిన్ కనిపెడతారు' అని చెప్పడం తేలిక, చెక్కు కూడా త్వరగా వస్తుంది. నాలుగేళ్ల తర్వాత 'ఏదీ మరి?' అని అడిగితే మాత్రం, ఆ సంస్థ చేసిన నిజమైన మేలు కూడా అబద్ధంలా కనిపిస్తుంది.

నిజమైన మేలు ఏమిటి

అది విద్యార్థుల వైపు ఉంది. అమెరికా అధ్యక్షుడి సైన్స్ సలహా మండలి 2012లో ఒక నివేదిక ఇచ్చింది. సైన్స్, ఇంజినీరింగ్ చదవాలని కాలేజీలో చేరినవాళ్లలో 40 శాతం కంటే తక్కువ మందే ఆ డిగ్రీ పూర్తిచేస్తున్నారని అందులో ఉంది. మొదటి రెండేళ్ల ల్యాబ్ పాఠాలను మార్చి, నిజమైన పరిశోధన ఉండే కోర్సులు పెట్టమని ఆ నివేదిక సూచించింది. దాన్ని తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవాళ్లలో హ్యాండెల్స్‌మన్ ఒకరు. అంటే మట్టి కోర్సు పుట్టుకలోనే మందు వేటతో పాటు, విద్యార్థులు సైన్స్ వదిలి వెళ్లిపోతున్నారనే బాధ కూడా ఉంది.

మామూలు ల్యాబ్‌లో ఫలితం ముందే తెలుసు. రికార్డు పుస్తకంలో ఉన్న జవాబు రాకపోతే పక్కవాడి రీడింగ్ చూసి రాస్తాం. అక్కడ నేర్చుకునేది సైన్స్ కంటే సర్దుబాటే ఎక్కువ. తెలియని మట్టితో పనిచేసేటప్పుడు చూసి రాయడానికి పక్కవాడి దగ్గర కూడా ఏమీ ఉండదు. పళ్లెం మీద కాలనీ చుట్టూ వేరే బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం కనిపిస్తే అది నిజమా, పొరపాటా అని మళ్లీ చేసి చూడాల్సిందే. ఆ మళ్లీ చేయడంలోనే శాస్త్రజ్ఞుల బుద్ధి అలవడుతుంది.

అయితే ఇక్కడ కూడా ఎక్కువ చెప్పకూడదు. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో మొదటి ఏడాది నుంచే పరిశోధన చేయించే కార్యక్రమం ఉంది. దాని మీద 2016లో వచ్చిన అధ్యయనం ప్రకారం, అందులో పాల్గొన్నవాళ్లలో సైన్స్ సంబంధిత డిగ్రీ సాధించే అవకాశం 71 నుంచి 94 శాతానికి పెరిగింది. చాలా గొప్ప తేడా. కానీ ఆ మేలు మూడు సెమిస్టర్లూ పూర్తిచేసినవాళ్లది. ఒక్క సెమిస్టర్ కోర్సు నడిపే సంస్థ ఈ అంకెను తన బ్రోషర్‌లో వేసుకుంటే అది తప్పుదోవ పట్టించడమే. తన దగ్గర కోర్సు చేసిన విద్యార్థి తర్వాత ఏ ల్యాబ్‌కి వెళ్లగలరు, ఎవరు తీసుకుంటారు అన్న దారి చూపించడం కూడా నాయకత్వం పనిలో భాగం అవ్వాలి. లేకపోతే 15 వారాల ఉత్సాహం 16వ వారంలో చల్లారిపోతుంది.

ల్యాబ్ బల్ల మీద తీసుకోవాల్సిన నిర్ణయాలు

నాయకత్వం అనగానే బోర్డు మీటింగులు గుర్తొస్తాయి కానీ, ఈ రంగంలో కొన్ని పెద్ద నిర్ణయాలు ల్యాబ్ బల్ల మీదే ఉంటాయి.

మొదటిది భద్రత. ఆసుపత్రుల్లో భయపెట్టే బ్యాక్టీరియాను పద్దెనిమిదేళ్ల విద్యార్థుల చేతికి ఇవ్వలేం. అందుకే ప్రమాదం తక్కువున్న వాటి బంధువులను వాడతారు. స్టెఫిలోకాకస్ ఆరియస్ బదులు స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్, సూడోమోనాస్ ఎరుగినోసా బదులు సూడోమోనాస్ ప్యుటిడా, ఎసినెటోబ్యాక్టర్ బౌమానీ బదులు ఎసినెటోబ్యాక్టర్ బేలీ. తెలివైన ఏర్పాటే. కానీ దీనికో పరిమితి ఉంది: బంధువును చంపిన పదార్థం అసలు శత్రువునూ చంపుతుందన్న హామీ లేదు. చాలాసార్లు అసలు శత్రువు చుట్టూ గోడ ఇంకా గట్టిగా ఉంటుంది. విద్యార్థి పళ్లెంలో కనిపించిన వలయాన్ని పెద్ద ల్యాబ్‌లో అసలు రోగకారక బ్యాక్టీరియా మీద మళ్లీ పరీక్షించే ఏర్పాటు ఉంటేనే దానికి అర్థం.

ఇక మట్టి నుంచి లేచిన బ్యాక్టీరియా ఏమిటో మొదట్లో ఎవరికీ తెలియదు. అందులో రోగకారకం ఉండొచ్చు. 2011లో అమెరికాలో మైక్రోబయాలజీ బోధన ల్యాబ్‌లతో ముడిపడిన సాల్మొనెల్లా వ్యాప్తిలో 38 రాష్ట్రాల్లో 109 మంది జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. జబ్బుపడినవాళ్లలో ల్యాబ్‌లో పనిచేసేవాళ్ల ఇళ్లలోని చిన్న పిల్లలూ ఉన్నారు. పెన్నులు, నోట్‌బుక్‌లు, బ్యాగులతో పాటు బ్యాక్టీరియా ఇంటికి వెళ్లడం అంత సులభం. చిన్న కాలేజీ, పాత ల్యాబ్, తక్కువ సిబ్బంది ఉన్నచోట కూడా కోర్సు పెట్టాలని సంస్థ ఆశపడుతుంది. ఆశపడాలి కూడా, ఎందుకంటే ఈ అవకాశం ఎక్కువ అవసరమైన విద్యార్థులు అక్కడే ఉంటారు. అలాంటి చోట గ్లవ్స్ ఎవరు కొంటారు, వేడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్ పనిచేస్తోందా, పళ్లేలను చివరికి ఎలా పారేస్తున్నారు అని అడిగి, సరిగ్గా లేకపోతే ఈ ఏడాది వద్దు అని చెప్పగలగాలి. ఎన్ని కాలేజీలు చేరాయన్న లెక్కతోనే సంస్థకు పేరు వస్తున్నప్పుడు 'వద్దు' అనడానికి ధైర్యం కావాలి.

రెండోది ఓపిక. 2025లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ బృందం లారియోసిడిన్ అనే కొత్త పదార్థాన్ని ప్రకటించింది. అది బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారుచేసుకునే యంత్రాన్ని కొత్త చోట పట్టుకుని ఆపుతుంది. ఆ మట్టి ఎక్కడిదో తెలుసా? హామిల్టన్‌లో ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఇంటి పెరటిది. అంటే చెంచాడు మట్టి సిద్ధాంతం ఇప్పటికీ పనిచేస్తుంది. కానీ ఆ బృందం మట్టి బ్యాక్టీరియాను దాదాపు ఏడాది పాటు నెమ్మదిగా పెరగనిచ్చింది. 15 వారాల కోర్సులో ఇది జరగని పని. రెండు మూడు రోజుల్లో లేచే కాలనీలనే ఏరుకుంటే, పాత మందులు తయారుచేసే వేగవంతమైన రకాలే మళ్లీ మళ్లీ చేతికొస్తాయి.

దీనికి మార్గం లేకపోలేదు. ఒక బ్యాచ్ మొదలుపెట్టిన పళ్లేలను తర్వాతి బ్యాచ్ చూడొచ్చు. శీతాకాలంలో ఒకరు పరిచిన మట్టిని వచ్చే ఏడాది ఇంకొకరు తెరవొచ్చు. ఇది ఇప్పుడు విస్తృతంగా జరుగుతోందని నేను అనడం లేదు. ఇలాంటి కోర్సు నడిపేవాళ్లు ప్రయత్నించదగ్గ మార్పు అని మాత్రం అనిపిస్తుంది. దీనికి కావాల్సింది పెద్ద యంత్రాలు కాదు. ఏ పళ్లెం ఎవరిది, ఎప్పటిది, ఏ ఆహారం మీద పెట్టారు అన్న రికార్డు చెదరకుండా చేతులు మారాలి, అంతే.

కుళ్లిన వంకాయ నేర్పిన పాఠం

సెమిస్టర్ తర్వాత నిల్వ ఉంచడం ఎందుకు అంత ముఖ్యమో చెప్పడానికి యాంటీబయాటిక్ కోర్సుల పక్కనే నడిచే ఇంకో కార్యక్రమం చూడాలి. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన గ్రాహమ్ హాట్‌ఫుల్ నాయకత్వంలో, హోవార్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్ 2008లో 'సీ-ఫేజెస్' అనే కోర్సు మొదలుపెట్టింది. ఇందులో విద్యార్థులు మట్టి నుంచి ఫేజ్‌లను, అంటే బ్యాక్టీరియాను చంపే వైరస్‌లను వెతుకుతారు. వాటికి పేరు పెడతారు, జన్యువులు చదువుతారు. దొరికిన ఫేజ్‌లు పిట్స్‌బర్గ్‌లో ఫ్రీజర్‌లోకి వెళ్తాయి.

2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక విద్యార్థిని కుళ్లిన వంకాయ మీద నుంచి ఒక ఫేజ్‌ను తీసింది. దానికి 'మడ్డీ' అని పేరు పెట్టింది. అప్పటికి అది ఎన్నో ఫేజ్‌లలో ఒకటి. దానితో ఎవరికీ పని పడలేదు.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. లండన్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులను దెబ్బతీసే పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న టీనేజ్ అమ్మాయికి ఊపిరితిత్తుల మార్పిడి తర్వాత మైకోబ్యాక్టీరియమ్ అబ్సెసస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకింది. ఏ యాంటీబయాటిక్ పనిచేయలేదు. వైద్యులు హాట్‌ఫుల్‌ను సంప్రదించారు. ఆ అమ్మాయి శరీరంలోని బ్యాక్టీరియా మీద హాట్‌ఫుల్ బృందం నిల్వ ఫేజ్‌లను పరీక్షించుకుంటూ పోతే, తగినట్టు చంపినవి చాలా తక్కువ. వాటిలో మడ్డీ ఒకటి. మరో రెండింటిని జన్యుమార్పిడి చేసి, మూడూ కలిపి 2018లో చికిత్స మొదలుపెట్టారు. ఆ అమ్మాయి పరిస్థితి చాలా మెరుగైంది. పూర్తిగా నయమైందని చెప్పలేం కానీ, ఇంటికి వెళ్లి బతుకు కొనసాగించగలిగింది. 2019లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఈ వివరాలు వచ్చాయి.

నాకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద విషయం ఫ్రీజర్. 2010లో మడ్డీని 'పనికిరాదు' అని పారేసి ఉంటే, లేదా ఎవరు తీశారో, ఎక్కడ తీశారో రాయకుండా ఒక మూల పెట్టి ఉంటే, 2018లో అది లేనట్టే. విద్యార్థి చేసిన పనికి ఆమె ఊహించని విలువ వచ్చింది, ఎందుకంటే ఒక సంస్థ ఎనిమిదేళ్ల పాటు కరెంటు బిల్లు కట్టింది, జాబితా సరిగ్గా రాసింది. మట్టి బ్యాక్టీరియాతో కూడా ఇదే వర్తిస్తుంది. ఈరోజు ఏ పరీక్షలోనూ నెగ్గని రకం, రేపు కొత్తగా పుట్టుకొచ్చే రోగకారకం మీద పనిచేయవచ్చు.

డబ్బు ఎక్కడ వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

కానీ ఫ్రీజర్ బిల్లుకు విరాళం ఇవ్వడానికి సాధారణంగా ఎవరూ ముందుకు రారు. అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థకు యజమానులు ఉండరు. వచ్చిన మిగులును పంచుకోకూడదు, సంస్థ లక్ష్యానికే వాడాలి. పెద్ద సంస్థలు ఏటా పన్నుల శాఖకు ఇచ్చే ఫారం 990 ఎవరైనా చూడొచ్చు. అందులో ముఖ్య అధికారుల జీతాలు కూడా ఉంటాయి. ఇది మంచి ఏర్పాటు. కానీ గ్రాంట్లు చాలావరకు ఫలానా పనికి, ఫలానా రెండు మూడేళ్లకు అని ముడిపెట్టి వస్తాయి. కొత్త కాలేజీలు చేర్చడానికి డబ్బు దొరుకుతుంది. పాత నమూనాలు కాపాడటానికి దొరకదు.

ఇక్కడ నాయకత్వం చేయాల్సింది ఒకటే: ప్రతి గ్రాంట్ అడిగేటప్పుడే నిల్వకు, రికార్డులకు అయ్యే ఖర్చు కూడా లోపల పెట్టడం, దాత తీసేయమంటే ఎందుకు తీయలేమో వివరించడం. చెప్పడానికి చిన్న విషయం. చేయాలంటే టెన్షన్ పెట్టే విషయం, ఎందుకంటే ఆ గ్రాంట్ పోతే సిబ్బంది జీతాలు కూడా పోతాయి.

మరి నిజంగా కొత్త పదార్థం దొరికితే? అప్పుడు ఈ సంస్థ మందు కంపెనీగా మారకూడదు. యాంటీబయాటిక్ వ్యాపారం ఎంత కఠినమో అకాజెన్ చూపించింది. ప్లాజోమైసిన్ అనే మందుకు 2018 జూన్‌లో అమెరికాలో అనుమతి సాధించిన ఆ కంపెనీ, 2019 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. కొత్త యాంటీబయాటిక్‌ను చివరి అస్త్రంగా దాచి, తక్కువ మందికే వాడాలి. వైద్యపరంగా అదే సరైనది. కానీ తక్కువగా అమ్మితే కంపెనీ బతకదు. ఈ చిక్కును తీర్చడానికి బ్రిటన్ 2022లో రెండు యాంటీబయాటిక్స్‌కు ఎంత వాడినా వాడకపోయినా ఏటా నిర్ణీత మొత్తం చెల్లించే పద్ధతి పెట్టింది. తొలి దశ పరిశోధనకు కార్బ్-ఎక్స్, చివరి దశ ప్రయోగాలకు జీఏఆర్‌డీపీ లాంటి లాభాపేక్ష లేని సంస్థలు 2016 నుంచి పనిచేస్తున్నాయి. విద్యార్థుల సంస్థ తన హద్దు ఎక్కడో తెలుసుకుని, రసాయన పరిశీలన అయ్యాక పదార్థాన్ని ఇలాంటి చేతులకు అప్పగించగలగాలి. టైనీ ఎర్త్ వాళ్లు విస్కాన్సిన్‌లో విద్యార్థుల నమూనాల కోసం కెమిస్ట్రీ కేంద్రం పెట్టుకున్నది ఈ మొదటి మెట్టు కోసమే. దొరికింది పాతదా కొత్తదా అని అక్కడ తేల్చాలి.

పేరు ఎవరికి

అప్పగింత అనగానే వచ్చే ప్రశ్న హక్కులు. యాంటీబయాటిక్ చరిత్రలోనే దీనికి బాధాకరమైన ఉదాహరణ ఉంది. స్ట్రెప్టోమైసిన్‌ను బల్ల దగ్గర కూర్చుని వేరుచేసింది ఆల్బర్ట్ షాట్జ్ అనే పీహెచ్‌డీ విద్యార్థి. మొదటి పరిశోధన పత్రంలో షాట్జ్, ఎలిజబెత్ బ్యూగీ, వాక్స్‌మన్ ముగ్గురి పేర్లూ ఉన్నాయి. పేటెంట్ హక్కులు రట్గర్స్ తరఫు సంస్థకు వెళ్లాయి. వాక్స్‌మన్‌కు రాయల్టీ వస్తోందని తర్వాత తెలిసి షాట్జ్ 1950లో కోర్టుకు వెళ్లాడు. రాజీ కుదిరింది. సహ ఆవిష్కర్తగా చట్టపరమైన గుర్తింపు, రాయల్టీలో చిన్న వాటా దక్కాయి. కానీ 1952 నోబెల్ బహుమతి వాక్స్‌మన్ ఒక్కరికే వచ్చింది. షాట్జ్‌కు రట్గర్స్ తన పతకం ఇచ్చింది 1994లో.

పరిశోధక విద్యార్థికే ఇలా జరిగితే, ఫీజు కట్టి కోర్సులో కూర్చున్న మొదటి ఏడాది విద్యార్థి సంగతేమిటి? ఆ విద్యార్థి యూనివర్సిటీ ఉద్యోగి కాదు. జీతం తీసుకోవడం లేదు. అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం ప్రభుత్వ నిధులతో వచ్చిన ఆవిష్కరణల హక్కును యూనివర్సిటీలు తీసుకునే వీలు కల్పించింది. కానీ కోర్సులో కూర్చున్న విద్యార్థి హక్కు ఎంత అన్నది కాలేజీ కాలేజీకి మారే నిబంధనల మీద ఆధారపడుతుంది. అందువల్ల మొదటి రోజే, మట్టి తేకముందే, సాదా భాషలో రాసిన ఒక పేజీ వాళ్ల చేతికివ్వాలి. నమూనా ఎవరి దగ్గర ఉంటుంది, కొత్తది దొరికితే ఎవరి పేరు వస్తుంది, డబ్బు వస్తే ఏమవుతుంది అన్నది అందులో ఉండాలి. దొరికాక రాసుకునే ఒప్పందాల్లో బలమున్నవాడి మాటే నెగ్గుతుంది.

దేశాలు దాటినప్పుడు ఇది ఇంకా సున్నితం. జీవ వనరుల లాభాలను అవి పుట్టిన దేశంతో పంచుకోవాలని చెప్పే నగోయా ఒప్పందం 2014 నుంచి అమల్లో ఉంది. అమెరికా అందులో చేరలేదు. విదేశీ మట్టి అమెరికాకు రావాలంటే ఆ దేశ వ్యవసాయ శాఖ అనుమతి వేరే కావాలి. ఒకప్పుడు బోర్నియో మట్టిని ఆ మిషనరీ పంపినట్టు ఇప్పుడు పంపడం కుదరదు, కుదరకూడదు కూడా. ఎక్కడి బ్యాక్టీరియాను అక్కడే నిల్వ చేసి, సమాచారాన్ని మాత్రం పంచుకునే నెట్‌వర్క్ కట్టడం ఇందుకు న్యాయమైన దారి.

బల్ల దగ్గర నిలబడేది టీచరే

ఇన్ని చెప్పుకున్నాక కూడా ఒక మాట మిగిలే ఉంది. వారం వారం విద్యార్థుల ముందు నిలబడేది సంస్థ డైరెక్టర్ కాదు, కాలేజీ టీచర్. కమ్యూనిటీ కాలేజీల్లో (అమెరికాలోని రెండేళ్ల కాలేజీలు) వాళ్లకు క్లాసుల భారం ఎక్కువ, సొంత పరిశోధనకు సమయం ఉండదు. ఈ నెట్‌వర్క్‌లలో టీచర్లకు ముందుగా శిక్షణ ఇస్తారు. అక్కడ వాళ్లకు దొరికే ముఖ్యమైన వస్తువు తోటి టీచర్ల ఫోన్ నంబర్లు అనుకుంటాను. పళ్లేలన్నిటికీ బూజు పట్టిన రోజు అడగడానికి ఒక మనిషి ఉండాలి.

స్థాపకురాలి పేరు మీదే నిలబడిన సంస్థ, ఆమె పక్కకు జరిగితే కూలుతుంది. హ్యాండెల్స్‌మన్ 2014లో వైట్‌హౌస్ సైన్స్ విభాగంలో పనిచేయడానికి వెళ్లారు, 2017 దాకా అక్కడున్నారు. ఆ కాలంలో కూడా కోర్సు ఆగలేదు. టీచర్ల దగ్గర ప్రొటోకాల్ ఉంది, ఒకరికొకరు ఉన్నారు. ఏ బోర్డు అయినా కొత్త నాయకులను ఎంచుకునేటప్పుడు వేదిక మీద బాగా మాట్లాడేవాళ్ల కంటే, టీచర్లు ఏడాది తర్వాత కూడా ఫోన్ చేసేవాళ్లను చూసుకుంటే మంచిది.

ఆ టీచర్లు, విద్యార్థులు రాసే రికార్డుల విలువ ఇప్పుడు ఇంకో వైపు నుంచి పెరిగింది. 2020లో ఎంఐటీలో జిమ్ కాలిన్స్ బృందం కంప్యూటర్ మోడల్ సాయంతో హాలిసిన్ అనే రసాయనానికి యాంటీబయాటిక్ లక్షణం ఉందని గుర్తించింది. ఆ మోడల్‌కు నేర్పడానికి 2,335 రసాయనాలను ఈ-కోలై మీద పరీక్షించిన ఫలితాలు వాడారు. వాటిలో బ్యాక్టీరియాను ఆపినవి 120 మాత్రమే. మిగతా 2,215 ఏమీ చేయలేదు. కానీ ఆ 'ఏమీ చేయలేదు' లేకుండా మోడల్‌కు తేడా తెలిసేది కాదు. విద్యార్థుల పళ్లేల్లో కూడా వలయం రానివే ఎక్కువ. వలయం రాలేదని రాసిన ఆ పేజీలో ఏ బ్యాక్టీరియా మీద, ఏ ఆహారం మీద, ఎన్ని డిగ్రీల వద్ద, ఎన్ని రోజులు చూశారో అన్ని కాలేజీల్లో ఒకే తీరున రాసి ఉంటే, అది వలయం వచ్చిన పేజీతో సమానంగా పనికొచ్చే సమాచారం. సెమిస్టర్ చివరి రోజు 'నాకేమీ దొరకలేదు' అని నిరాశపడే విద్యార్థికి ఈ మాట నిజమని చూపించాలంటే, ఆ పేజీ చేరే చోటు ఒకటి సంస్థ ముందే కట్టి ఉంచాలి.